నూట పన్నెండు బార్ల విరామం

రాజ్యాలు ఏ రోజు లేచాయో, ఏ రోజు కూలాయో రాసిపెట్టడానికి చరిత్రకారులు ఉన్నారు. ఒక మనిషి పొద్దున్నే లేచి, పళ్ళయినా తోముకోకుండా కంప్యూటర్ ముందు కూర్చుని, ‘అప్‌డేట్లు ఉన్నాయేమో చూడు’ అన్న మీట నొక్కే అలవాటు ఎప్పుడు మొదలైందో, దానివల్ల ఏయే పరిణామాలు సంభవించాయో రాసిపెట్టిన నాథుడు మాత్రం లేడు. ఇది చరిత్రకు జరిగిన అన్యాయమే. ఎందుకంటే ఆ అలవాటుకు ఒక ఆరంభ దశ ఉంది, ఒక స్వర్ణయుగం ఉంది, ఆ తర్వాత పెద్ద పెద్ద రాజ్యాలకు పట్టినట్టే దానికీ గడ్డుకాలం పట్టింది.

అలవాటు చుక్కలాయనది. అసలు పేరు కరెంటు బిల్లు మీద ఉంటుంది. పిలిచేవాళ్ళకు మాత్రం ఆయన చుక్కలాయనే. సంగీతం కట్టేవాళ్ళు పెన్సిలుతో గీకి పంపిన కాగితాలను ముందేసుకుని, ఐదు గీతల మీద ఒక్కొక్క స్వరపు చుక్కనూ కంప్యూటర్‌లోకి ఎక్కించి, వయొలిన్లకు వయొలిన్లవి, బాకాలకు బాకాలవి ఎవరి భాగం వాళ్ళకు విడదీసి, శుభ్రంగా అచ్చు తీసి ఇవ్వడం ఆయన వృత్తి. ఊళ్ళోని వాద్యబృందం ఎన్నో ఏళ్ళుగా ఆయన చుక్కల్నే వాయిస్తోంది. కచేరీ అయ్యాక వాయించినవాళ్ళు లేచి నిలబడతారు, సంగీతం కట్టినవాళ్ళు వేదికెక్కి నడుం వంచుతారు. చుక్కలాయన ఆఖరి వరసలో కూర్చుని తానూ చప్పట్లు కొట్టి, రద్దీ మొదలవకముందే బస్సు పట్టుకుంటాడు.

మీట నొక్కగానే తెర మీద ఒక చిన్న పెట్టె తెరుచుకుని, ‘మీరు వాడుతున్నది తాజా వెర్షనే’ అనేది. అరవైకి దగ్గరపడ్డ మనిషి విషయంలో తాజా అన్న మాట వాడే ప్రాణి లోకంలో అదొక్కటే. మంగళవారం, శుక్రవారం తప్పిస్తే రోజు మొత్తంలో ఆయన్ని పలకరించేది కూడా అదొక్కటే. చుక్కలాయన ‘సరే’ అన్న మీట నొక్కి పళ్ళు తోముకోవడానికి వెళ్ళేవాడు. సంభాషణ అంతటితో ముగిసేది. ఎవరూ నొచ్చుకునేవారు కాదు.

ఆయన ఉండేది మూడో అంతస్తులో, రెండు గదుల ఇంట్లో. ముందు గది కిటికీ తెరిస్తే పక్క భవనం గోడ, ఆ గోడ మీద ఎవరిదో నీళ్ళ గొట్టం. ఎవరైనా స్నానం చేస్తే ఆ గొట్టం మోగేది; ఆ మోతను బట్టి పక్కవాళ్ళు ఎన్ని గంటలకు లేచారో ఆయనకు తెలిసేది. వాళ్ళ మొహాలు మాత్రం ఎప్పుడూ చూడలేదు. గదిలో రెండు బల్లలు ఎదురెదురుగా ఆనించి ఉండేవి. ఇటువైపు చక్రాల కుర్చీ ఆయనది. అటువైపు చెక్క కుర్చీ, దాని మీద కాఫీపొడి రంగు దిండు ఒకటి. అది బావమరిదిది.

బావమరిది అంటే, వదిలేసి వెళ్ళిపోయిన భార్యకు తమ్ముడు. విడాకుల కాగితంలో భార్యాభర్తల సంబంధం రద్దయినట్టు రాశారు గాని, బావా బావమరుదుల సంబంధం ఏమైనట్టో రాయలేదు. రాయలేదు కాబట్టి అది చెల్లుతుందని ఇద్దరూ ఎవరికి వారే తీర్మానించుకున్నారు. ఈ అంశం మీద చర్చ జరగలేదు.

ఆవిడ వెళ్ళిపోయినప్పుడు కూడా పెద్ద గొడవేం కాలేదు. ‘ఈ ఇంట్లో ఒక మాట చెప్పాలంటే నీ చుక్కలు అయ్యేదాకా ఆగాలి. ఆగి ఆగి, ఏం చెప్పాలనుకున్నానో నేనే మరిచిపోతున్నాను’ అంది. ఆ సమయంలో ఆయన తొమ్మిదో పేజీలో ఉన్నాడు. ఆ పేజీ అయ్యాక మాట్లాడదామనుకున్నాడు. పేజీ అయ్యాక తలెత్తి చూస్తే ఆవిడ లేదు.

బావమరిది ఒకప్పుడు అదే వాద్యబృందంలో ట్రాంబోన్ అనే పొడుగాటి బాకా వాయించేవాడు. ముందు పళ్ళు ఊడి, కట్టుడు పళ్ళు వచ్చాక పెదవి నిలబడక, వాయిద్యం అటక ఎక్కింది. వాయిద్యం పోయినా ఒక విద్య మిగిలింది. ట్రాంబోన్‌వాళ్ళు కచేరీలో వాయించేది తక్కువ, తమ వంతు వచ్చేదాకా బార్లు, అంటే తాళం ఆవర్తాల్లాంటివి, లెక్కపెట్టుకుంటూ కూర్చునేది ఎక్కువ. రాగం చుట్టూ ఎంత తుఫాను రేగినా చలించకుండా వేళ్ళ మీద లెక్క వేసుకుని, సరిగ్గా తన చోట అందుకోవాలి. అలా ముప్పై ఏళ్ళు కూర్చున్న మనిషి ఎదురుచూడ్డంలో సిద్ధుడైపోతాడు. బస్టాపులో అతని ముఖం చూస్తే, ఆలస్యం చేసినందుకు బస్సే సిగ్గుపడాలనిపిస్తుంది.

అతను మంగళవారం, శుక్రవారం మధ్యాహ్నాలు వచ్చేది చదవడానికి. అచ్చుకు పోయే ముందు తప్పులు పట్టాలంటే లోకంలో ఒకటే పద్ధతి: ఒకడు చేతిరాత కాగితం పట్టుకుని పైకి చదవాలి, రెండోవాడు కంప్యూటర్ ప్రతి మీద వేలు పెట్టుకుని వినాలి. ఒక్కడే రెండూ చూసుకుంటే కన్ను తనకు కావలసిందే చూసుకుంటుంది. చెవికి ఆ సౌకర్యం లేదు. బావమరిది కాగితం మీద చెప్పుల డబ్బా నుంచి కత్తిరించిన అట్టముక్క అడ్డం పెట్టుకుని, ఒక్కో వరసా కిందికి జరుపుతూ, ‘సి పావు. డి అరపావు. ఎఫ్ షార్ప్ అర, చుక్క. వంపు మొదలు. జి పావు, ఏ పావు, వంపు ఆఖరు. ఇక్కణ్ణించి మెత్తగా’ అని స్వరం పేరూ దాని నిడివీ చదువుతూ పోయేవాడు. గొంతులో పైకీ లేదు, కిందికీ లేదు. పక్కవాటాలోని ఆవిడ గోడ అవతల నుంచి విని చాలాకాలం వీళ్ళు కూరగాయల వ్యాపారం చేస్తున్నారనుకుంది. ఒకసారి మెట్ల మీద ఆపి, పావుకిలో తూకాల దగ్గర అంత పట్టింపేమిటండీ అని మందలించింది కూడా.

చదువుతున్నప్పుడు వేరే మాట ఆడకూడదు. ఆడితే వేలు జారుతుంది. విరామం వచ్చినప్పుడు మాత్రం ఆడొచ్చు. ఏదో ఒక వాయిద్యానికి ‘ఎనిమిది బార్లు విరామం’ అని వచ్చిందనుకోండి, ఎనిమిది బార్లకు సరిపడా కబుర్లు. ఇది ఎవరూ పెట్టిన నియమం కాదు. కాగితాలు పక్కన పెట్టి ఊరికే ఎదురెదురుగా కూర్చుంటే ఇద్దరికీ నోరు పెగిలేది కాదు. చేతిలో కాగితం ఉండి, అందులో కాసేపు చదవాల్సిందేమీ లేకపోతేనే మాట వచ్చేది. కాబట్టి కుటుంబ వ్యవహారాలన్నీ వాయిద్యాన్ని బట్టి నడిచేవి. వయొలిన్ భాగాలు చదివే వారంలో బంధువులు పుట్టినా పోయినా ఈ ఇంటికి కబురు అందేది కాదు. ఊదేదానికన్నా ఊరుకునేది ఎక్కువైన పెద్ద బాకా, ట్యూబా వారం వస్తే అన్నీ ఒక్కసారే తెలిసేవి.

మాజీ భార్య మళ్ళీ పెళ్ళి చేసుకుంటోందన్న సంగతి అలా ట్యూబా విరామంలోనే తెలిసింది.

“అక్క పెళ్ళి చేసుకుంటోంది బావా.”

చుక్కలాయన వేలు తీయలేదు. “మంచివాడేనా?”

“మంచివాడే. బాగా మాట్లాడతాడు.”

“ఇంకా ఎన్ని బార్లున్నాయి?”

“మూడు.”

“అయితే ఇక చదువు” అన్నాడు చుక్కలాయన. బావమరిది చదివాడు. ఆ ట్యూబా భాగంలో ఒక్క తప్పు కూడా మిగల్లేదు.

ఇక స్వర్ణయుగం సంగతి. దాని పునాదిరాయి చాలా ఏళ్ళ కిందటే పడింది. ఒక కచేరీ రిహార్సల్లో బాకా ఊదే ఆయన ఒక స్వరం తప్పు ఊదాడు. బృందాన్ని నడిపించే కండక్టర్ చేతిలో కర్ర దించి, మళ్ళీ ఊదించాడు. మళ్ళీ అదే తప్పు. కాగితం తెప్పించి చూస్తే తప్పు ఊదినవాడిది కాదు, అచ్చులోదే. వాద్యబృందం మొత్తం తలలు వెనక్కి తిప్పి ఆఖరి వరస వైపు చూసింది. ఆ చూపుల బరువుకు చుక్కలాయన ఇంటికొచ్చి అన్నం తినలేదు. స్వరలిపి సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీవాళ్ళ వెబ్‌సైటులో, వాడేవాళ్ళు సలహాలు రాసే చోట, తన జీవితంలోకెల్లా ఆవేశంగా రెండు వాక్యాలు రాశాడు: ‘కాగితాన్నీ ఫైలునీ పక్కపక్కన పెట్టి తేడాలు చూపించే సదుపాయం కావాలి. మనుషుల్ని నమ్ముకుంటే ఇంతే.’ రాసి, మర్నాటికి మరిచిపోయాడు.

లోకం మరిచిపోలేదు. ఎక్కడెక్కడి చుక్కలవాళ్ళో వచ్చి దాని కింద ‘నాకూ కావాలి’ అన్న మీట నొక్కుతూ పోయారు. తలా ఒక మీట నొక్కీ నొక్కీ చివరికి కంపెనీవాళ్ళ చెవికి ఎక్కింది. ఒకరోజు పొద్దున ఆ సైటులో ‘రాబోయే వెర్షన్‌లో’ అన్న శీర్షిక కింద ఒక బొమ్మ కనిపించింది: పక్కపక్కన రెండు పేజీలు, తేడా ఉన్న చోటల్లా ఎర్ర సున్నాలు. కింద ఒకటే వాక్యం, ఎంతోమంది ఎంతోకాలంగా కోరుతున్న సదుపాయం త్వరలో అని.

ఎవరో తవ్వి చుక్కలాయన పాత సలహాను బయటికి తీశారు. ఆయన్ని మూలపురుషుడన్నారు. ముఖం తెలియనివాళ్ళు దండాలు పెట్టారు. ఒకాయన, మీ ముందుచూపుకు జోహార్లు అని రాశాడు. చుక్కలాయన ఆ మధ్యాహ్నం ఒక్క చుక్క కూడా ఎక్కించకుండా అందరికీ పేరుపేరునా జవాబులు రాశాడు. ఆ నాటి నుంచి పొద్దున్నే మీట నొక్కడంలో ఒక రాజసం వచ్చింది. ‘మీరు వాడుతున్నది తాజా వెర్షనే’ అని పెట్టె అంటే, ‘ఎన్నాళ్ళులే’ అని పైకే అనేవాడు. ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి ఎవరికీ వింతగా అనిపించలేదు.

మంగళవారం బావమరిది రాగానే, ఇంకా చెప్పులు విప్పుకుంటుండగానే, తెర అతని వైపు తిప్పాడు.

“చూశావటోయ్, ఇది ఎవరి బుర్రలో పుట్టిందో.”

బావమరిది బల్ల మీదున్న కళ్ళజోడు తీసి పెట్టుకుని బొమ్మ చూశాడు. దాని కింది వాక్యం చదివాడు. మూలపురుషుడి పాత సలహా కూడా చదివాడు. స్వరాలు చదివే గొంతుతోనే, పైకీ లేకుండా కిందికీ లేకుండా, “మనుషుల్ని నమ్ముకుంటే ఇంతే” అని ఆఖరి ముక్క పైకి చదివి, కళ్ళజోడు సర్దుకున్నాడు.

“మంచి పనేగా బావా. నా గొంతుకూ కాస్త విరామం. ఎప్పుడొస్తుందిట?”

“ఈ ఏడాదిలోనే అంటున్నారు” అన్నాడు చుక్కలాయన ఉత్సాహంగా.

ఆ రోజు వయొలా భాగం చదివారు. వయొలాలో విరామాలు తక్కువ. బావమరిది వెళ్ళాక చుక్కలాయన టీ కప్పులు కడగడానికి నిలబడ్డాడు. మొదటి కప్పు కడిగి బోర్లించాడు. రెండో కప్పు చేతిలోకి తీసుకున్నాక గాని తను ఏం చెప్పాడో, ఎవరితో చెప్పాడో ఆయనకు తలకెక్కలేదు. కుళాయి అలాగే పోతూ ఉంది.

వెనక్కి తీసుకుందామంటే అది మాట కాదు, కంపెనీ ప్రకటన.

తర్వాతి శుక్రవారం నుంచి బావమరిది గుమ్మంలోనే, “వచ్చిందా?” అని అడిగేవాడు. “ఇంకా లేదు” అనేవాడు చుక్కలాయన. రైలు గురించి అడిగినట్టు అడిగేవాడే తప్ప అందులో నిష్ఠూరమేమీ వినిపించేది కాదు. ఎదురుచూడ్డం వచ్చినవాడు కదా. కాకపోతే సామాను సర్దుకోవడం మొదలుపెట్టాడు. మొదట కళ్ళజోడు పోయింది. ఏళ్ళ తరబడి బల్ల మీదే ఉండే కళ్ళజోడును, ఇంట్లోది విరిగిందని చెప్పి జేబులో పెట్టుకు వెళ్ళాడు. మరోసారి దిండు పోయింది, ఉతికి తెస్తానన్నాడు. ఉతికిన దిండు ఎండడానికి అన్ని వారాలు పట్టేంత వాన ఆ ఏడు ఎక్కడా పడలేదు. వట్టి చెక్క కుర్చీ మీద కూర్చుని చదువుతూ అతను మధ్యమధ్య అటూ ఇటూ కదిలితే, ఇటువైపు మెత్తటి కుర్చీలో చుక్కలాయనకు నొప్పి పుట్టేది.

చెల్లో భాగంలో నాలుగు బార్ల విరామం దొరికినప్పుడు బావమరిది ఇంకొక కబురు కూడా చెప్పాడు. పెదనాన్న కొడుకు తాళాలు, తాళంచెవులు అమ్మే తన దుకాణంలో మధ్యాహ్నాలు కూర్చోమంటున్నాడు. మంగళవారం, శుక్రవారం కూడా. నీ అప్‌డేట్ వచ్చాక చెబుతానన్నానని ముగించి, వెంటనే “ఇ ఫ్లాట్ అర” అని అందుకున్నాడు. జవాబు చెప్పడానికి బార్లు మిగల్లేదు.

గడ్డుకాలం అలా మొదలైంది. పొద్దున్నే మీట నొక్కడం మానలేదు గాని, నొక్కేటప్పుడు చుక్కలాయన కళ్ళు మూసుకునేవాడు. తెరిచాక ‘తాజా వెర్షనే’ అన్న మాట కనిపిస్తే ఆ రోజుకు గండం గడిచినట్టు. సోమవారానికి గొంతు తుప్పు పట్టేది. మంగళవారం పొద్దున బావమరిది వచ్చేలోపు రెండుసార్లు ఒట్టినే దగ్గి సిద్ధం చేసుకునేవాడు. ఆ గొంతును వారానికి రెండుసార్లు తోమి పెట్టే మనిషి రేపు తాళాల దుకాణానికి వెళ్ళిపోతే, ఇక మాట్లాడ్డానికి మిగిలేది నీళ్ళ గొట్టం.

కొత్త వెర్షన్ కొంత ఆలస్యమవుతుందని కంపెనీ ప్రకటించినప్పుడు సైటులో నిప్పులు చెరిగారు. జనం తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టారు. ఆ మంటల మధ్య మూలపురుషుడు ఒక్కడే ప్రశాంతంగా, ‘తొందరేం లేదు. పని నిదానంగా చేయండి. ఇంకో ఏడాదైనా ఫర్వాలేదు’ అని రాశాడు. కింద ఎవరో, పెద్దాయనకు ఒంట్లో బాగానే ఉందా అని అడిగారు.

బాగాలేదని ఎవరితో చెప్పుకోవాలి? చెప్పవలసిన మాట చిన్నదే. ‘చదవడానికి కాకపోయినా రావోయ్.’ అంతే. పళ్ళు తోముకుంటూ అన్నాడు, బాగానే వచ్చింది. కంప్యూటర్‌తో అన్నాడు, బాగానే వచ్చింది. బావమరిదితో అనాలంటే మాత్రం విరామం కావాలి. అప్పుడు చేతిలో ఉన్నదేమో ఊపిరాడని సంగీతం. కట్టినావిడ రాత కోడి గెలికినట్టుంటుంది గనక వాద్యబృందంలో అందరూ ఆవిణ్ణి కోడిగీతలావిడ అంటారు. తీగ వాయిద్యాలకు ఒక్క బార్ కూడా ఖాళీ ఇవ్వని మనిషి. చుక్కలాయన తెగించి ఆవిడకు ఫోన్ చేసి, రెండో భాగంలో చెల్లోలు కాసేపు ఊరుకుంటే ఎలా ఉంటుందండీ అని అడిగాడు.  మీకు నచ్చలేదా అంది ఆవిడ. చుక్కల మీద నాకు అభిప్రాయాలుండవమ్మా అన్నాడు ఆయన. మర్నాడు ఆవిడ సవరించిన కాగితాలు పంపింది. చెల్లోలకు ఇంకో రెండు వరసలు కలిపింది.

అప్పుడాయన దృష్టి ట్రయాంగిల్ మీద పడింది. ఆ ఇనప ముక్కోణానికి ఆ సంగీతం మొత్తంలో రెండే దెబ్బలు: మొదట్లో ఒకటి, చివర ఒకటి. మధ్యలో నూట పన్నెండు బార్లు విరామం. సాధారణంగా అలాంటి భాగాన్ని పైకి చదవరు. ఒకసారి చూసి పక్కన పడేస్తారు. చుక్కలాయన దాన్ని శుక్రవారానికి అట్టేపెట్టాడు.

“ట్రయాంగిల్ కూడా చదవాలా బావా? రెండు దెబ్బలేగా” అన్నాడు బావమరిది.

“రెండింటిలో ఒకటి తప్పితే సగం తప్పినట్టేగా.”

ఆ తర్కానికి బావమరిది లొంగిపోయి, అట్టముక్క సర్దుకున్నాడు. “దెబ్బ, పావు. మెత్తగా. నూట పన్నెండు బార్లు విరామం.”

 కింది అంతస్తులో ఎవరో లిఫ్టు తలుపు వేశారు. పక్క గోడ మీద గొట్టం మోగి ఆగింది. బావమరిది ఎక్కడికీ చూడకుండా చూస్తున్నాడు. మోకాలి మీద అతని చూపుడువేలు నెమ్మదిగా లేచి పడుతోంది. పాత అలవాటు, బార్లు లెక్క పెడుతున్నాడు. చుక్కలాయన ఆ వేలి వంక చూస్తూ కూర్చున్నాడు. ఇంతటి విరామం ఈ ఇంట్లో ఇంతకు ముందెప్పుడూ రాలేదు. ఒక కాపురం నిలబెట్టుకోవడానికి సరిపోయేంత విరామం. ఇరవై బార్లు పోయాయి. నలభై పోయాయి. మాట నాలుక మీదికి వచ్చింది, వచ్చి పళ్ళ దగ్గర ఆగింది. వేలు లేస్తోంది, పడుతోంది.

“ఏవోయ్” అన్నాడు చుక్కలాయన.

“ఆఁ.”

“టీ పెట్టనా?”

వేలు ఒక్కసారి గాల్లో ఆగింది. “పెట్టు” అన్నాడు బావమరిది, మళ్ళీ లెక్కలో పడుతూ.

పాలు పొంగేలోపు ముందు గదిలోంచి, “దెబ్బ, పావు. గట్టిగా. అయిపోయింది” అని వినిపించింది. ఆ రోజు వెళ్ళేటప్పుడు అతను చెప్పుల డబ్బా అట్టముక్కను కూడా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ తర్వాతి గురువారం, పొద్దున కళ్ళు తెరిచేసరికి పెట్టెలో మాటలు మారి ఉన్నాయి: ‘కొత్త వెర్షన్ సిద్ధంగా ఉంది.’ కింద రెండు మీటలు. ఒకటి ‘ఇప్పుడే ఎక్కించు’. రెండోది ‘తర్వాత గుర్తు చేయి’. మూలపురుషుడు రెండో మీట నొక్కాడు. సైటులో పండగ చేసుకుంటున్నారు. ఆయన అటువైపు వెళ్ళలేదు. వెళితే జోహార్లు అందుకోవాలి.

శుక్రవారం గుమ్మంలో, “వచ్చిందా?” అన్నాడు బావమరిది.

“ఇంకా లేదు.”

జీవితమంతా ఒక్క చుక్క అటూ ఇటూ కానివ్వని మనిషి ఆ అబద్ధం చెప్పి, వెనక్కి తిరిగి గబగబా టీ గిన్నె కడిగాడు. కడిగిన గిన్నెనే కడిగాడు.

యంత్రానికి మొహమాటం లేదు. తర్వాత గుర్తు చేయమంటే చేస్తుంది. మొదట రోజుకోసారి చేసింది, తర్వాత పూటకోసారి. మంగళవారం రెండో వయొలిన్ చదువుతుండగా, సరిగ్గా చుక్కలాయన వేలు పెట్టిన బార్ మీదే పెట్టె తెరుచుకుంది. చుక్కలు కనబడక వేలు ఆగింది. చదువు సాగుతూనే ఉంది, వేలు కదలడం లేదు.

“ఏమైంది బావా?”

“ఏం లేదు.”

ఏం లేదంటే అర్థమేమిటో చూద్దామని బావమరిది బల్ల మీదికి వంగాడు. తెర వైపు మెడ తిప్పాడు. జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, పెట్టెలో ఉన్న మాటలన్నీ పైనుంచి కింది దాకా చదివాడు. ఈసారి పైకి చదవలేదు. చుక్కలాయన అతని వైపు చూడకుండా చెయ్యి చాచి, ‘తర్వాత గుర్తు చేయి’ నొక్కాడు. పెట్టె మూసుకుంది. కింద బార్ మళ్ళీ కనిపించింది.

బావమరిది వెనక్కి జరిగి కూర్చున్నాడు. చెక్క కుర్చీ కిర్రుమంది.

“ఎక్కడున్నాం?”

“ముప్పై ఒకటో బార్.”

“జి అర. ఏ పావు, బి పావు. వంపు మొదలు” అని బావమరిది చదవడం అందుకున్నాడు. గొంతులో ఏ తేడా లేదు. ఒక్క ముప్పై నాలుగో బార్ మాత్రం రెండుసార్లు చదివాడు. అది అతని చరిత్రలో జరగని పని. చుక్కలాయన వేలు అక్కడే ఉంచి రెండుసార్లూ విన్నాడు.

వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, తల వంచుకునే అన్నాడు బావమరిది: “శుక్రవారం కాస్త ఆలస్యమవుద్ది బావా. దిండు పట్టుకుని బస్సెక్కాలంటే రద్దీ తగ్గాలిగా.”

“మెల్లగానే రావోయ్” అన్నాడు చుక్కలాయన.

శుక్రవారం అతను చంకలో దిండుతో, జేబులో అట్టముక్కతో వచ్చాడు. వచ్చిందా అని అడగలేదు. ఆ తర్వాత ఇంకెప్పుడూ అడగలేదు. తాళాల దుకాణం సంగతేమైందో తెలుసుకోవడానికి ట్యూబా వారం దాకా ఆగవలసి వచ్చింది. సోమ, బుధవారాలు కూర్చుంటున్నాట్ట.

పెట్టె రోజూ గుర్తు చేస్తూనే ఉండేది, చుక్కలాయన రోజూ తర్వాత అంటూనే ఉండేవాడు. ఈ వ్యవహారం కలకాలం సాగేదేమో గాని, పాత వెర్షన్ ఇక పనిచేయదని చివరికి కంపెనీవాళ్ళే గడువు పెట్టారు. ఒక ఆదివారం మధ్యాహ్నం, పక్క గోడ మీద గొట్టం కూడా మోగని వేళ, చుక్కలాయన దొంగతనానికి వచ్చినవాడిలా కూర్చుని ‘ఇప్పుడే ఎక్కించు’ నొక్కాడు. నీలంగీత కాసేపు పాకింది. కొత్త వెర్షన్‌లో ఏమేం ఉన్నాయో చెప్పే పేజీ తెరుచుకుంది. ఎదుటి కుర్చీలో దిండు ఉంది, మనిషి లేడు. చదివి వినిపించేవాళ్ళు లేరు కనక ఆయనే వేలు పెట్టుకుని, బొమ్మ దాటి, ఎర్ర సున్నాలు దాటి, ఇన్నాళ్ళూ చూడని చిన్న అక్షరాల దాకా ఒక్కొక్క వరసే చదువుకుంటూ వెళ్ళాడు.

పోల్చి చూపే సదుపాయం ఇదే సాఫ్ట్‌వేర్‌లో తయారైన రెండు ఫైళ్ళ మధ్య మాత్రమే పనిచేస్తుందని, చేతిరాత కాగితాలను అది చదవలేదని అక్కడ రాసి ఉంది.

చుక్కలాయన దగ్గరికి వచ్చేవన్నీ చేతిరాత కాగితాలే.